మల్లసాని ఇప్పతోపు

విక్రమ సంవత్సరం, మాఘ శుద్ధ ద్వాదశి

బడి హాజరు పుస్తకంలో వెనక మిగిలిన కాగితాలు కోసి కుట్టుకున్నాను. ఇందులో రాసేది నాకోసమే. ఆయన చదవరు. ఒకరి పెట్టె ఇంకొకరు తెరిచే అలవాటు మా ఇంట్లో లేదు.

ఈవేళ గడీ నుంచి హనుమాండ్లు వచ్చాడు. దొర పనులన్నీ చక్కబెట్టేది అతనే. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "రాజేశం పంతులూ, మీ తెలుగు బడికి మంజూరు లేదట గద. మూసెయ్యమని కాగితం వస్తదట" అన్నాడు.

ఆయన ముఖం పాలిపోయింది. సర్కారు మంజూరు లేకుండా తెలుగు చెప్పే బడులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని విన్నదే. అయినా మన గుమ్మంలోకి వచ్చేదాకా ఆ కబురు మనది కాదనుకుంటాం.

"దొర ఒక్క మాట రాస్తే తాలూకా కచేరీల పనైతది. రాస్తడు. కాని మీతోటి ఒక పని ఉన్నది" అన్నాడు హనుమాండ్లు.

పని ఇది. ఎల్లారెడ్డికి తూర్పున, గాంధారి వైపు అడవిలో ఒక పాత రాయి ఉంది, దాని మీద అక్షరాలున్నాయి. ఆ అడవిలోని ఇప్పతోపు తమ పూర్వీకుడు మల్లసామి పెట్టించాడని గడీలో చెప్పుకుంటారు. రాయి మీద ఏముందో ఎత్తి రాసి ఇవ్వాలి.

అతను వెళ్ళాక ఆయన నావైపు చూశారు. రాతిమీద అక్షరాలు చదవడం ఈ ఊళ్ళో బాగా వచ్చింది నాకే. దోమకొండలో మా బాపు జీవితమంతా రాళ్ళమీద అక్షరాలు చెక్కాడు. పాత గుళ్ళలో పగిలిన శాసనాలు అతికేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ పాత అక్షరాలు ఆయనకు నేర్పింది కూడా నేనే, పెళ్ళైన కొత్తలో.

పోదామన్నాను. బడిలో పదకొండు మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళకు చెప్పేది నేను.

మాఘ శుద్ధ చతుర్దశి

సాలవ్వకు కబురు పంపాం. దారి ఆమెకే తెలుసట.

మాఘ బహుళ విదియ

కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఈవేళే రాయాలి.

తెల్లవారుతుండగా బయలుదేరాం, ఆయన, నేను, సాలవ్వ. సాలవ్వది అడవి అంచున ఆరేడిండ్ల పల్లె. అరవై దాటి ఉంటాయి. ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి బతుకుతుంది. కోడలు గంగమణి ఆ ఆకుతో బీడీలు చుడుతుంది. ఇంటికి మగదిక్కు లేదు.

చేలు దాటేసరికి ఎండ పడింది. టేకుచెట్లు ఆకు రాల్చి ఎముకల్లా నిలబడి ఉన్నాయి. కింద ఎండుటాకు మోకాలి దాకా. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. అక్కడక్కడా మోదుగు మొగ్గ తొడిగింది. అర కోసు పోయాక వాగు వచ్చింది. నీళ్ళు తక్కువే, కాని అన్నీ నున్నటి గుండ్లు. ఆయన చిన్నప్పుడు బండి మీద నుంచి పడి ఎడమకాలు విరగ్గొట్టుకున్నారు. అది సరిగా అతకలేదు. రెండు గుండ్లు దాటి మూడోదాని మీద ఆగిపోయారు. చెమట పట్టింది.

"మీరిద్దరు పోయి రండ్రి. నేను గీడ కూసుంట" అన్నారు. తర్వాత నన్ను పిలిచి, "ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్క గీత గూడ విడువకు" అన్నారు.

వాగు దాటాక అడవి మారింది. చెట్లు లావెక్కాయి. నల్లమద్ది బోదెలు ఇద్దరం చేతులు చాచినా అందవు. వాటి బెరడు మొసలి వీపులా పగిలి ఉంది. కొండెంగలు పైనుంచి చూసి ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. కాలికింద ఏదో గట్టిగా తగిలితే వంగి తీశాను. నల్లగా, గాజులా మెరుస్తూ, లోపలంతా బెజ్జాలు.

"చిట్టెం. ఇనుము కరగదీస్తే మిగిలేది. అగో, ఆ దిబ్బంత గదే" అంది సాలవ్వ.

చూస్తే నేను మట్టిగుట్ట అనుకున్నది, దాని మీద రెండు మోదుగు చెట్లు మొలిచింది, మొత్తం చిట్టెమే. అలాంటివి నాలుగు లెక్కపెట్టాను. ఆ పక్కన నేలలో కలిసిన బండరాతి మీద రెండు గాళ్ళు, బండి చక్రాలు ఏళ్ళ తరబడి కోసినవి. వేలు పెడితే మునివేళ్ళు మునిగాయి. ఎన్ని బండ్లు పోతే రాయి అంత అరుగుతుంది? ఇప్పుడు ఆ దారిన పశువుల కాపరి కూడా పోడు.

"గీడ ఊరుండెనా అవ్వా?"

"ఉండె. మా తాతల తాతలకంటె ముందు. ఎందుకు పోయిండ్రో ఎవ్వలకు తెల్వది. రోగమొచ్చెనో, నీళ్ళెండెనో." ఆమె నడక ఆపకుండానే చెప్పింది, పొరుగింటివాళ్ళు ఊరెళ్ళారని చెప్పినట్టు.

తర్వాత ఇప్పలు వచ్చాయి. మొదట నాకు తెలియలేదు. నాలుగైదు చెట్లు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఒక చెట్టు వెనక ఒకటి దాగిపోయి కనిపించింది. పక్కకు జరిగి చూశాను. ఇంకో వరుస. ఆ పక్కన ఇంకోటి.

"అడవి వరుసకు మొలుస్తదా అవ్వా?"

సాలవ్వ నవ్వింది. "మొలువది. ఎవ్వలో పెట్టిండ్రు. చెట్టు పడ్డదనుకో, ఆ సందులనే ఇంకో గింజ పెట్టాలె. మా అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పిందట. గిది నేను పెట్టిన చెట్టే, సూడు." ఒక చెట్టు దగ్గర ఆగి దాని మీద చెయ్యి వేసింది. ఆ చెట్టు నా కౌగిలికి అందనంత లావుంది.

ఊరు పోయింది, కొలుములు పోయాయి, ఆ వరుస మాత్రం అత్తల నుంచి కోడళ్ళకు చేతులు మారుతూ నిలబడి ఉంది.

వరుసల చివర పూడిపోయిన గుంట. దాని గట్టు మీద రాయి, ఒక పక్కకు ఒరిగి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు. కింద అయిదు పంక్తులు. నాచు గోకి, అడుగు పంక్తి మీది మట్టి తీసి, నీళ్ళు చల్లి, ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగాం. బాపు అలాగే ఆగేవాడు. నీడ పడితేగాని అక్షరం లేచి రాదు. చెక్కినవాడు మంచి పనివాడు. ఒక్కచోట కూడా ఉలి జారలేదు. పైకి చదివాను.

"స్వస్తిశ్రీ. ఎఱమ కూఁతురు మల్లసాని ఈ గుంట ద్రవ్వించి ఈ ఇప్పలు వెట్టించె. దీని నీరును పువ్వును ఈ తెరువున వచ్చువా రెల్లరివి."

"అంటే ఏంది పంతులమ్మా?"

"ఎఱమ అనేటాయన బిడ్డ మల్లసాని. ఈ గుంట తవ్విపిచ్చింది, ఇప్పలు పెట్టిపిచ్చింది. నీళ్ళు, పువ్వు ఈ తొవ్వల వచ్చెటోళ్ళందరివి."

సాలవ్వ నోరు తెరిచి నన్నే చూసింది. "ఆడిది పెట్టిందా? ఇవన్ని?"

"ఆడిదే."

"ఇంకోపారి సదువు."

మళ్ళీ చదివాను. ఆమె రాయి ముందు చతికిలబడి మల్లసాని, మల్లసాని అని నాలుగుసార్లు అనుకుంది, చుట్టం పేరు గుర్తుపెట్టుకున్నట్టు.

తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి ఆయన అక్కడే, అదే గుండు మీద ఉన్నారు. కాగితం కోసం చెయ్యి చాచారు. ఇంటికి పోయి శుభ్రంగా రాసి ఇస్తానన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. అలిసిపోయానేమో.

మాఘ బహుళ పంచమి

చిత్తుకాగితం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఆయన రెండుసార్లు అడిగారు. రాతి అక్షరాలు కదా, నిదానంగా చూడాలన్నాను.

మాఘ బహుళ సప్తమి

మధ్యాహ్నం బడి అయ్యాక చెప్పాను. సామి కాదు, సాని అని.

ఆయన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ తర్వాత అన్నారు, "నాచు పట్టి ఉన్నదంటివి గద. వెలుతురు గూడ వంకర పడుతుండె. అది మి కావచ్చునా, మంగా? ఒక్కపారి మనసుల తెచ్చుకో."

మార్చమని ఆయన అనలేదు. ఈ మాట నేను ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఆయన అనలేదు.

మనసులో తెచ్చుకున్నాను. గోడ మీద పిల్లలు బొగ్గుతో రాసిన అఆలు కనిపిస్తున్నాయి. వంటింట్లోకి వెళ్ళి శుభ్రమైన కాగితం మీద రాశాను. మల్లసామి. ముందరి మాట దగ్గర, 'ఎఱమ' తర్వాత, చుక్కలు పెట్టాను. రాయి అక్కడ కొంచెం అరిగినట్టే ఉంది. చివరి పంక్తి మట్టిలో ఉంది కాబట్టి రాయలేదు.

మట్టి నేనే తీశాను. కాని తీయకపోతే అది మట్టిలోనే ఉండేది.

మార్చింది ఒక్క అక్షరమే. మిగతాదేదీ మార్చలేదు. రాయలేదు, అంతే.

ఆయన కాగితం చూసి తల ఎత్తకుండా, "మంచిగ రాసినవు" అన్నారు. దాన్ని తన చేత్తో మళ్ళీ ఎత్తి రాసి, కింద సంతకం పెట్టి గడీకి పంపారు.

మాఘ బహుళ అష్టమి

బట్టలు ఉతికాను. వేరే ఏమీ లేదు.

మాఘ బహుళ దశమి

వెలుతురు నిజంగానే సరిగా లేదు.

ఫాల్గుణ శుద్ధ నవమి

బడికి మంజూరు వచ్చింది! ఎర్రసిరా ముద్రతో కాగితం. పిల్లలకు బెల్లం పంచాం. ఇంకో ముగ్గురు ఆడపిల్లలు చేరతామన్నారు. ఒకామె తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తెచ్చి, "ఉత్తరం సదివెటంత నేర్పియ్యి పంతులమ్మా" అంది.

ఆయన ఇన్నాళ్ళకు నవ్వారు. చూస్తే ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఎప్పుడో పోయిన మనిషి పేరు ఎలా రాస్తే ఆమెకేమిటి?

ఫాల్గుణ బహుళ తదియ

నిన్న మొన్నటి నుంచి ఊరికి ఇప్పపువ్వు వాసన వస్తోంది. తోపులో రాలడం మొదలైందట.

హనుమాండ్లు బజారులో చెప్పాడని ఆయన చెప్పారు. దొర ఆ తోపు తనదని కచేరీలో అర్జీ పెట్టాడు. పూర్వీకుడు పెట్టించిన తోపు కాబట్టి పట్టా చెయ్యాలని. మా నకలు దానికి జత చేశారట.

"మన నకలా?" అన్నాను.

"నా సంతకమే గద ఉన్నది" అన్నారాయన. అన్నం సగం వదిలేసి లేచారు.

ఫాల్గుణ బహుళ అష్టమి

బడిలో ఉండగా సాలవ్వ వచ్చింది. కుడిచేతికి వెదురు బద్దలు వేసి గుడ్డ కట్టి ఉంది. వెంట గంగమణి. గంగమణికి ముప్పై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ గలగలా మాట్లాడేది. ఈవేళ గుమ్మం బయటే నిలబడింది.

ఏమైందో సాలవ్వ చెప్పింది. ఎప్పటిలాగే అత్తాకోడళ్ళు పొద్దు పొడవగానే పువ్వు ఏరడానికి పోయారు. తోపు దగ్గర దొర మనుషులు నలుగురు కాపలా ఉన్నారు. ఇది ఇక దొర తోపు, ఎవరూ రావద్దన్నారు. గంగమణి గంప గుంజుకున్నారు. సాలవ్వ గంప వదల్లేదు. వాళ్ళు తోశారు. బండమీద పడి మణికట్టు విరిగింది. ఏరిన పువ్వంతా కాళ్ళతో తొక్కారు.

"రాయి మీద దొర తాత పేరున్నదని అంటున్నరు పంతులమ్మా. పంతులు రాసిచ్చిండని అంటున్నరు." ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నువ్వు నాకు రెండుపార్లు సదివి చెప్తివి గద. మల్లసాని అంటివి. ఆడిది అంటివి."

పిల్లలు పలకల మీద రాయడం ఆపి చూస్తున్నారు. ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

"ఆ పొద్దు వెలుతురు మంచిగ లేకుండె అవ్వా," అన్నాను. "నేనే తప్పు చదివిన. అది సామి."

సాలవ్వ నా ముఖం కేసి చూస్తూనే ఉంది. ఆ తర్వాత, "అట్లనా" అంది. అంతే. కోడలి భుజం పట్టుకుని మెట్లు దిగింది. గంగమణి మాత్రం వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది.

పిల్లలకు ఆ తర్వాత ఎక్కాలు చెప్పించాను. ఏ ఎక్కమో గుర్తులేదు.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

తల నొప్పి. బడికి పోలేదు.

బాపు ఒకసారి గుడి ద్వారం మీద దాత పేరులో ఒక అక్షరం మీది గుడి తప్పు చెక్కాడు. ఎవరికీ తెలియలేదు. దాత చదవలేడు, పూజారి చూడలేదు. బాపు ఆ రాయి మొత్తం వేలు మందం అరగదీసి, మళ్ళీ మొదటి నుంచి చెక్కాడు. పద్దెనిమిది రోజులు పట్టింది. అమ్మ కోప్పడింది. ఇది ఎందుకు గుర్తొచ్చిందో.

వృష సంవత్సరం, చైత్ర శుద్ధ విదియ

కొత్త సంవత్సరం వచ్చింది. నిన్న ఉగాది పచ్చడి చేశాను. ఎవరం సరిగా తినలేదు.

దొర అర్జీ మీద విచారణకు తహసీల్దారు సాబు శుద్ధ షష్ఠి నాడు ఎల్లారెడ్డి చావడికి వస్తున్నాడు. అడవిలోకి పోడట. కాగితాలు చూసి తేలుస్తాడట.

కాగితాలు అంటే నా కాగితమే.

చైత్ర శుద్ధ చవితి

ఈవేళ పొద్దున్నే ఒక పాత పలచని ధోవతి, మసి, ఆముదం, గుడ్డలు మూట కట్టుకున్నాను. బాపు పాత శాసనాల అచ్చు ఇలాగే తీసేవాడు. తడిగుడ్డను రాతి మీద పరిచి గుంటల్లోకి దిగేలా తట్టాలి. సగం ఆరాక మసి అద్దాలి. చెక్కినచోట తెల్లగా, మిగతా అంతా నల్లగా వస్తుంది. చేత్తో రాసింది మార్చవచ్చు. దీన్ని మార్చడానికి లేదు.

ఆయన అరుగు మీద ఉన్నారు. మూట చూశారు.

"ఎక్కడికి?"

"రాయి కాడికి."

"పోయి ఏం తెస్తవు?"

"రాయి మీద ఏమున్నదో అది తెస్త."

ఆయన చేతికర్రను నేల మీద అటూ ఇటూ తిప్పారు. "బడి పోతది మంగా."

"తెలుసు."

"పద్నాలుగు మంది ఆడపిల్లలు."

"తెలుసు. వాళ్ళకు రేపు ఏం చదువు చెప్పాలె మనం? ఉన్నది ఉన్నట్టు చదువుమని ఏ నోటితోటి చెప్పాలె?"

ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. నేను పోయాను.

సాలవ్వను పిలవడానికి ముఖం చెల్లలేదు. ఒక్కదాన్నే పోయాను. వాగు దాటాక దారి తప్పుతానేమోనని భయపడ్డాను. కాని చిట్టెం దిబ్బలు చూసుకుంటూ, బండమీద చక్రాల గాళ్ళ వెంట నడిస్తే తోపు దానంతటదే వచ్చింది. మోదుగుపూలన్నీ రాలిపోయి నేల ఎర్రగా ఉంది. కాపలావాళ్ళు తోపు మొదట్లో కూర్చుని చుట్ట తాగుతున్నారు. పంతులమ్మనని గుర్తుపట్టి, దొర పని మీదే వచ్చాననుకుని దారి ఇచ్చారు. నేనూ కాదనలేదు.

ఎవరూ ఏరని పువ్వు చెట్ల కింద కుళ్ళుతోంది. తీపి వాసన ముదిరి పులిసిన వాసన అయింది. ఈగలు. నలుగురు మనుషులు కాపలా కాస్తున్నది దీనికే.

గుడ్డ తడిపి రాతి మీద పరిచాను. తట్టాను. ఆరేదాకా కూర్చుని ఒక్కొక్క అక్షరం వేలితో తడిమాను. కూఁతురు అన్నచోట అరగలేదు. ఎక్కడా అరగలేదు. ఆ మూడక్షరాలూ చెక్కినవాడు మిగతావాటికంటే లోతుగానే చెక్కాడు. వెలుతురు బాగుంది. ఆ రోజు కూడా బాగానే ఉంది.

సాయంత్రం నల్లబడ్డ చేతులతో ఇంటికి వచ్చాను. ఆయన నీళ్ళు తోడి పెట్టి ఉంచారు. గుడ్డ చూపిస్తానన్నాను. తల అడ్డంగా ఊపారు.

చైత్ర శుద్ధ షష్ఠి

చావడి నిండా జనం. దొర కుర్చీలో, తహసీల్దారు సాబు ఎదురుగా బల్ల ముందు. మా ఆయన్ని సాక్షిగా పిలిచారు కాబట్టి ముందు నిలబడ్డారు. ఆడవాళ్ళం వెనక గోడ పక్కన. సాలవ్వ పల్లె నుంచి ఏడెనిమిది మంది వచ్చారు. గంగమణి నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

హనుమాండ్లు నకలు చదివాడు. మల్లసామి ఈ గుంట ద్రవ్వించి ఈ ఇప్పలు వెట్టించె. తహసీల్దారు తల ఊపి ఏదో రాసుకోబోయాడు.

అప్పుడు లేచాను. జనంలోంచి తోసుకుంటూ ముందుకు పోయి గుడ్డను బల్ల మీద పెట్టాను.

"గిదేంది?" అన్నాడు సాబు. అతని మాట ఉర్దూలా వినిపించే తెలుగు.

"హుజూర్, ఇది రాయి అచ్చు. చేత్తోటి రాసింది కాదు, రాతి మీద అద్దింది. నకలు దీనితోటి కలుస్తదో లేదో చూడండ్రి."

దొర కుర్చీలో కదిలాడు. హనుమాండ్లు ఒక్క క్షణం తికమకపడ్డాడు. కాని అతనికి పంతులు మీద పూర్తి నమ్మకం. "చూడనియ్యుండ్రి హుజూర్. మా రాజేశం పంతులే సదువుతడు. నకలు రాసిందీ ఆయననే, సంతకమూ ఆయనదే" అన్నాడు.

ఇద్దరు జవాన్లు గుడ్డను రెండు కొసలూ పట్టుకుని ఎత్తారు. నల్లటి గుడ్డలో తెల్లటి అక్షరాలు. ఆయన కర్ర ఊతంతో దగ్గరికి వచ్చారు. నన్ను చూడలేదు. గుడ్డనే చూశారు. మొదటిసారి చూస్తున్నారు ఆ అక్షరాలను. ఎంతసేపు చూశారో. ఎవరో దగ్గారు.

చదవడం మొదలుపెట్టారు. పిల్లలకు చెప్పే గొంతుతో, ఒక్కొక్క అక్షరం విడదీసి.

"స్వస్తిశ్రీ. ఎఱమ." ఆగారు. "కూఁతురు."

దొర మెడ తిప్పి హనుమాండ్లు వైపు చూశాడు.

"మల్లసాని," అన్నారు. "ఈ గుంట ద్రవ్వించి, ఈ ఇప్పలు వెట్టించె. దీని నీరును పువ్వును ఈ తెరువున వచ్చువారెల్లరివి."

"దాని మతలబు?" అన్నాడు సాబు.

"ఎఱమ బిడ్డ మల్లసాని పెట్టిపిచ్చింది హుజూర్. ఒక ఆడమనిషి. నీళ్ళు, పువ్వు ఆ తొవ్వల వచ్చెటోళ్ళందరికి ఇచ్చింది."

"మరి ఈ నకలు?"

ఆయన కర్రను రెండు చేతులతో పట్టుకున్నారు. "అది తప్పు. నేను రాసిన. తప్పు నాది."

నాది అని అనాల్సింది. నోరు తెరిచాను కూడా. అప్పటికే సాబు తన గుమాస్తాకు ఉర్దూలో రాయిస్తున్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. దొర లేచి బయటికి నడిచాడు.

సాబు తేల్చింది ఇది: దొర అర్జీ కొట్టివేత. తోపు సర్కారు అడవి కిందికే వస్తుంది. పువ్వు ఏరుకునేవాళ్ళను పైనుంచి హుకుం వచ్చేదాకా ఎవరూ ఆపకూడదు. ఆ హుకుం ఎప్పుడు వస్తుందో, ఏమని వస్తుందో సాబు చెప్పలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే అన్నాను, "అట్ల ఎందుకు చెప్పిన్రు? మార్చింది నేను."

"మార్పిచ్చింది నేను గద" అన్నారు. ఇంటిదాకా కర్ర ఊతంతో నా పక్కనే నడిచారు. ముందూ కాదు, వెనకా కాదు.

చైత్ర శుద్ధ దశమి

బడికి తాళం పడింది. మంజూరు రద్దైందని కాగితం. ఈసారి ముద్ర నల్లసిరాతో.

ఉత్తరం చదివేంత నేర్పమన్న తల్లి దూరం నుంచే చూసి కూతుర్ని తీసుకుపోయింది. ఆమెదీ గడీ కౌలు భూమే. ఏమనగలను?

చైత్ర పౌర్ణమి

కామారెడ్డిలో ఒక బట్టల కొట్టాయన తన పిల్లలకూ చుట్టుపక్కల పిల్లలకూ ఇంట్లోనే చదువు చెప్పమని ఆయనకు కబురు చేశాడు. పోదామనుకున్నాం. ఆడపిల్లలు కూడా ఉంటే నేనూ చెబుతానన్నాను. ఆయన, "ముందుగాల గదే అడిగిన" అన్నారు.

చైత్ర బహుళ తదియ

పోయేలోపల ఒక పని మిగిలి ఉంది. ఈవేళ సాలవ్వ పల్లెకు పోయాను.

ఆమె ఇంటి ముందు ఎండలో ఇప్పపువ్వు ఆరబోసి, ఎడమచేత్తో తిరగేస్తోంది. కుడిచేతికి బద్దలు ఇంకా ఉన్నాయి. గంగమణి గడపలో బీడీలు చుడుతోంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పాను.

"అవ్వా, చావడిల ఆయన తన తప్పన్నడు. అది ఆయనది కాదు. అక్షరం మార్చింది నేను. బడిల నువ్వు అడిగినప్పుడు అబద్దం చెప్పింది గూడ నేనే. నీ చెయ్యి విరిగినంక గూడ చెప్పిన."

"తెలుసు" అంది సాలవ్వ.

"ఎట్ల తెలుసు?"

"రాయి కాడ నువ్వు సదివినప్పుడు నీ మొకం చూసిన. బడిల చెప్పినప్పుడూ చూసిన." పువ్వు తిరగేయడం ఆపలేదు. "చెయ్యి ఎట్లనో అతుకుతది. కాని నువ్వు తప్పు సదివిన అంటే, నేను ఇంటికి వచ్చి మూడు దినాలు ఆలోచన చేసిన. నిజంగనే సామేనేమో, నేనే కలగన్ననేమో అని. నాకు అక్షరం రాదు గద. ఎవ్వలు ఏది చెప్తే గదే."

గంగమణి చేతిలో ఆకు ఆగింది.

క్షమించమని అడగాలనుకుని పోయాను. అడగలేదు. అది అడిగితే ఆమెకు ఇంకో పని చెప్పినట్టు అనిపించింది.

సాలవ్వ చెయ్యి దులుపుకుని, చాటను పక్కకు జరిపి, తన ముందున్న నేలను అరచేత్తో చదును చేసింది.

"ఆ రెండు అక్షరాలు నాకు చూపియ్యి" అంది. "నువ్వు కామారెడ్డి పోతున్నవట. రేపు ఇంకెవ్వలన్న వచ్చి రాయి మీద ఇంకోటి ఉన్నదంటే, నేనే పోయి చూసుకోవాలె."

కూర్చున్నాను. పుల్ల తీసుకుని, రాతి మీద ఉన్నట్టే, ని గీశాను. పక్కన మి గీశాను. ఏది ఏదో చెప్పాను. మి పక్కకు కొక్కెం ఉంటుందని చూపించాను. ఆమె చాలాసేపు వంగి చూసింది. తుడిపేసి, అటుదిటు మార్చి మళ్ళీ గీశాను.

"ఏది సాని?"

ఆమె తప్పు చూపింది. మళ్ళీ తుడిపాను, మళ్ళీ గీశాను. మళ్ళీ తప్పు చూపింది. గంగమణి గడపలోంచి లేచి వచ్చి, అత్త పక్కన గొంతుక్కూర్చుని, నావైపు చూడకుండా, "నాకు గూడ" అంది.

పొద్దు వాలేదాకా గీస్తూనే ఉన్నాను.